మూడు రోజుల మర్యాద

బానిసలకు ఆశ్రయమిచ్చిన ఇంట్లో నేను ఆరేళ్ళు ఉన్నాను. ఆ ఇంటి ఇనపబీరువాలో నా పాస్‌పోర్టు కూడా ఆరేళ్ళు ఉంది. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడాలని అప్పట్లో నాకు తోచలేదు. ఇంటి యజమానికీ తోచలేదు. ఆయన నాకంటే పెద్దవాడు, చదువుకున్నవాడు, ఐదు పూటలా నమాజు చేసేవాడు. ఆయనకే తోచనప్పుడు తొమ్మిదో తరగతి తప్పిన నాకెలా తోస్తుంది?

అది బహ్రెయిన్‌లో, గుదైబియా నుంచి మనామా బజారుకు పోయే పాత సందుల్లో ఒక ముసాఫిర్‌ఖానా. సముద్రపు రాయి, సున్నం కలిపి కట్టిన రెండంతస్తుల ఇల్లు. మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు, పైకప్పుకు ఖర్జూరపు మొద్దులు. తొంభైలలో ఆ గదుల నిండా మనలాంటి వాళ్ళే ఉండేవారు. కెఫటేరియాల్లో, లాండ్రీల్లో పనిచేసే ఒంటరి మగవాళ్ళు, ఒకరి మంచం మీద ఒకరు.

నేను మొదట సల్మాబాద్‌లో ఇనుప గేట్లు చేసే వర్క్‌షాపులో ఉండేవాణ్ణి. ఒక గేటు నా కాలి మీద పడింది. వర్క్‌షాపు ఆసామి కాలు చూశాడు, గేటు చూశాడు, గేటు బాగానే ఉందని నిర్ధారించుకుని నాకు ఖలాస్ చెప్పాడు. అప్పుడు ఈ ముసలాయన నన్ను తన కాగితాల మీదికి మార్చుకుని, ముసాఫిర్‌ఖానా చూసుకునే పని ఇచ్చాడు. గదులు ఊడ్వాలి, నీళ్ళు పట్టాలి, తాళాలు చూసుకోవాలి. మా ఊళ్ళో నన్ను మేనేజరు అనుకునేవాళ్ళు. చీపురున్న మేనేజరు అని నేను సరిదిద్దలేదు.

మా యజమానిని ఎదురుగా బాబా అనేవాళ్ళం, వెనక ముసలాయన అనేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు ముత్యాలమ్ముకోవడానికి బొంబాయి తిరిగినవాడు కాబట్టి ఉర్దూ బాగా మాట్లాడేవాడు. కొత్తగా ఎవరు దిగినా, ఇంటి చరిత్ర చెప్పకుండా గది తాళం ఇచ్చేవాడు కాదు. పాపం, పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాడు సంచి భుజాన వేసుకుని నిలబడే ఆ చరిత్ర అంతా వినాలి.

చరిత్ర ఏమిటంటే, వాళ్ళ తాత కాలంలో ముత్యాల కోసం సముద్రంలో మునగడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఎవరైనా తప్పించుకుని తెల్లదొర కచేరీకి పోతే, ఇతను స్వతంత్రుడు అని కాగితం రాసిచ్చేవారు. అయితే ఆ కాగితం అడగ్గానే చేతికి రాదు. వచ్చేదాకా తలదాచుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు ఈ ఇల్లు. అలాంటి కాగితం ఒకటి అద్దం కట్టించి, వాకిట్లో ఇనపబీరువాకు సరిగ్గా పైన గోడకు వేలాడదీశాడు ముసలాయన. ఆ కాగితం తాలూకు మనిషి, స్వతంత్రం వచ్చిందన్న తొందరలో కాగితాన్ని ఇక్కడే మరిచిపోయి వెళ్ళాడట. దాని కింద బీరువాలో నా పాస్‌పోర్టూ, మా వంటాయన పాస్‌పోర్టూ ఉండేవి. మా ఇద్దరికీ కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆసామి, ఆయనే. భద్రంగా ఉంటాయని అనేవాడు. నిజంగానే భద్రంగా ఉండేవి.

తాత పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. గుమ్మంలోకి వచ్చినవాడు మూడు రోజులు అతిథి. ఆ మూడు రోజులూ నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు, ఎందుకు వచ్చావు అని అడగకూడదు. నాలుగో రోజు అడగవచ్చు. ఈ మర్యాద అరబ్బులందరికీ ఉన్నదే. కాని ముసలాయన దాన్ని రాతిమీద గీతలా పాటించేవాడు. ఇంకో తంటా కూడా ఉంది. ఆయన అబద్ధమాడడు. అడిగి తెలుసుకుంటే, తర్వాత పోలీసులు వచ్చి అడిగినప్పుడు తెలిసినది చెప్పేస్తాడు. అందుకే ఆయనకు ఏదీ తెలియకుండా ఉండటమే అందరికీ క్షేమం.

ఒకరోజు మధ్యాహ్నం మా వంటాయన కూరగాయల సంచితో పాటు ఒక మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆయనది తూర్పుగోదావరి. నోరూ చెయ్యీ రెండూ ధారాళం. వెంట వచ్చింది బురఖాలాంటి నల్ల అబాయా వేసుకున్న ఒక నడివయసు ఆడమనిషి.

"ఏందయ్యా గోదారాయనా, ఎవలీమె?" అన్నాను.

"మా ఊరి మనిషండి గురువుగారూ. అంటే, మా ఊరికి ఓ నాలుగూళ్ళు అవతలనుకోండి."

"అవతల అంటే?"

"మద్దెలో ఓ గోదారి పాయ కూడా ఉందనుకోండి."

సంగతేమిటంటే, సందు చివర కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్లో ఈమె బంగాళాదుంపలు ఏరుతూ వాటిని ఒక్కొక్కదాన్నీ తెలుగులో తిడుతుంటే మా వంటాయన చెవిన పడింది. ఇంత చక్కటి తిట్లు విని ఎన్నేళ్ళయిందోనని ఆగి పలకరించాడట. ఆమె అక్కడే దుంపల బుట్ట కింద పెట్టేసి, ఇక ఆ ఇంటికి పోనంది. రెండేళ్ళకని ఇంటిపనికి వచ్చింది. నాలుగేళ్ళయింది. శుక్రవారం కూడా సెలవు లేదు. ఇంటికి పంపమని అడిగినప్పుడల్లా రంజాను వెళ్ళాక అనేవాళ్ళు. రంజాను వెళ్ళాక, పెద్దపిల్ల పరీక్షలయ్యాక. పరీక్షలయ్యాక, మళ్ళీ రంజాను. పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉంది. ఆ ఇంట్లో అంతకుముందు పనిచేసిన ఆమె పేరుతోనే ఈమెనూ పిలిచేవారట. పిలవడం అలవాటైపోయింది, మార్చుకోవడం కష్టమన్నారట.

"నాకు మా ఊరెల్లిపోవాలండి అన్నయ్యా. అంతేనండి. ఇంకేం అక్కర్లేదు," అంది.

పాస్‌పోర్టు లేనివాళ్ళు ఇండియాకు పోవడానికి ఔట్‌పాస్ అని ఒక కాగితం ఉంటుంది. కాగితాల సంగతి తెలిసిన ఒకాయన్ని కనుక్కుంటే, దానికి కొన్ని వారాలు పడుతుందని, ఆలోగా కఫీల్ కంట పడితే మళ్ళీ ఆ ఇంటికే పోవాల్సి వస్తుందని చెప్పాడు. అంటే కాగితం వచ్చేదాకా తలదాచుకోవడానికి ఒక చోటు కావాలి. మాకు అప్పుడు కూడా గోడమీది అద్దం కేసి చూడాలని తోచలేదు. నాకు తోచిందల్లా, ఆమెకు నా గది ఇచ్చి నేను వంటాయన గురక పక్కన పడుకోవాలని. ఆ గురక తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

ముసలాయన మాత్రం ఒక్క ముక్క అడగలేదు. గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూసి, రమ్మన్నట్టు అహ్లన్ అని వాకిట్లో దిండు వేసి కూర్చోబెట్టాడు. ఖర్జూరాలు పెట్టి, ఇత్తడి కూజాలోంచి యాలకుల వాసన వేసే చేదు కాఫీ చిన్న పింగాణీ గిన్నెలో పోసి ఇచ్చాడు. అక్కడి మర్యాద ప్రకారం, చాలు అనుకుంటే ఖాళీ గిన్నెను రెండుసార్లు అటూ ఇటూ ఆడించి ఇవ్వాలి. ఊరికే ఇస్తే ఇంకా కావాలని అర్థం. మన ఆడవాళ్ళు గిన్నె ఆడించరు. తాగి, పమిట చెంగుతో అంచు తుడిచి, రెండు చేతులా గౌరవంగా తిరిగి ఇస్తారు. ఈమె అబాయా అంచుతో అలాగే తుడిచి ఇచ్చింది. ఆయన మళ్ళీ పోశాడు. ఆమె మళ్ళీ తుడిచి ఇచ్చింది. నాలుగేళ్ళు చేతికిచ్చిన పనల్లా చేసిన మనిషి, చేతికిచ్చిన కాఫీ తాగదా? తొమ్మిది గిన్నెలయ్యాయి. కాఫీ అంటే పిచ్చి కాబోలనుకున్నాను తప్ప, చెప్పాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

మూడు రోజులు తెలియకుండా గడిచిపోయాయి. మూడో రోజు పొద్దు వాలుతుంటే వంటాయన కుక్కిన పేనులా వంటింట్లో కూర్చున్నాడు. రేపు ముసలాయన అడుగుతాడు, ఈమె చెబుతుంది, ఆయన మనసులో ఉంచుకోలేడు. నేను నియమాల మనిషిని. నియమాన్ని దాటాలంటే భయం కాని, దానిలోంచి దూరి పోవడం నాకు తప్పనిపించదు.

"చెల్లె, నీ సంచి వట్టుకో," అన్నాను.

"పంపించేత్తన్నారా అన్నయ్యా?"

"ఆ. ఎనుక దర్వాజ నుంచి పో. సందు సుట్టు తిరిగి, లాండ్రి ముంగట్నుంచి వచ్చి, ముంగటి దర్వాజ కొట్టు. పోయినామె పోయింది. నువ్వు కొత్తగ అచ్చినవ్."

వంటాయన నన్ను ఎగాదిగా చూశాడు. "గురువుగారూ, ఆయనకి కళ్ళు కనపడవనుకుంటున్నారేంటండీ?"

"కండ్లు కనవడ్తయి. అడుగుడు మాత్రం ఉండదు. సూస్తువుండు."

ఆమె వెళ్ళింది. కాసేపటికి ముందు తలుపు చప్పుడైంది. ముసలాయన స్వయంగా లేచి తీశాడు. ఆమెనూ, ఆ సంచినీ, కిందినుంచి పైదాకా చాలాసేపు చూశాడు. ఆయన పక్కకు జరిగి, చేయి గుండెమీద పెట్టుకుని, అహ్లన్ అన్నాడు. దిండు, ఖర్జూరాలు, కాఫీ. ఆమె పదకొండు గిన్నెలు తాగింది.

ఆ రోజు నుంచి ప్రతి మూడో రోజూ ఇదే తంతు. ముసలాయనకు అర్థమైందో లేదో మాకు తెలియనివ్వలేదు. పైగా మర్నాడు నాతో గంభీరంగా, "నిన్న వెళ్ళిన ఆవిడ ఇల్లంతా కడిగి వెళ్ళింది. చాలా మంచి మనిషి. ఈవిడ ఎలాంటిదో చూడాలి," అన్నాడు. నేను తలూపాను. ఇంకో వారానికి, "మూడో ఆవిడ చేసిన చేపల పులుసు ఈ నాలుగో ఆవిడకు రాదు. అయినా అతిథి కదా, ఏమీ అనకూడదు," అన్నాడు.

ఈ మాట వంటింట్లోకి పోయింది. ఆమె మొహం ముడుచుకుంది.

"మూడో ఆవిడంట, తెగ బాగా వండిందంట. ఏం, నేను వండింది బాగోలేదా అండి?" అని వంటాయన మీద విరుచుకుపడింది.

"మూడో ఆవిడ నువ్వేనమ్మా," అన్నాడాయన.

"ఆయ్, నేనేలెండి. అయినా అలాగ అనొచ్చా?"

ఆ రోజు చేపల పులుసు పట్టుబట్టి మళ్ళీ చేసింది. ముసలాయన తిని, మూడో ఆవిడను మరిపించింది అన్నాడు. ఆమె రెండు రోజులు ఆ సంతోషంలోనే ఉంది. నాకు మాత్రం తల తిరిగేది. లేని మనిషి మీద అసూయ పడటం, ఆ లేని మనిషిని తానే ఓడించి మురిసిపోవడం. ఆ ఇంటి తీరే అలాంటిదేమో, అందులో ఉన్నవాళ్ళకు ఎవరూ తిన్నగా కనిపించరు.

చుట్టుపక్కల సందులకు మాత్రం కళ్ళున్నాయి. ప్రతి మూడో రోజూ ఒక ఆడమనిషి సంచితో ముసాఫిర్‌ఖానాలోకి పోతోంది, బయటికి వచ్చేది ఎవరికీ కనబడటం లేదు. లాండ్రీ భాయ్ ఒకరోజు నన్ను ఆపి, లోపల ఇప్పటికి ఎంతమంది జమయ్యారని అడిగాడు. తొమ్మిది మందిని తాను చూశానన్నాడు. ఒక్కతే అని చెప్పాను. మగవాళ్ళ ముసాఫిర్‌ఖానాలో ఒక్కతే అన్నందుకు నన్ను అదోలా చూశాడు. తొమ్మిది మంది అని ఒప్పుకుని ఉంటేనే నా పరువు కాస్త నిలిచేదేమో.

ఆ మాట అలా అలా పోయి చేరవలసిన చెవిన చేరింది. పదో విడత రోజున, పొద్దు వాలకముందే, నేనామెను వెనక తలుపు నుంచి పంపి ఇటు తిరిగానో లేదో, ముందు తలుపు చప్పుడైంది. ఇంత తొందరగా చుట్టు తిరిగి వచ్చిందా అనుకున్నాను. ముసలాయన తలుపు తీశాడు. పాదాల దాకా తెల్లటి తోబు అంగీ వేసుకున్న నలభయ్యేళ్ళ మనిషి. ఇస్త్రీ మడత నలగలేదు, మొహం మాత్రం నలిగిపోయి ఉంది. ఆయనే ఆమె కఫీల్. ఆమె చెప్పిన గుర్తులన్నీ, చెంప మీది మచ్చతో సహా, సరిపోయాయి.

ముసలాయన అహ్లన్ అన్నాడు. దిండు వేశాడు. వచ్చినవాడు అతిథి. ఎందుకొచ్చావని ఈయన అడగడు. కాఫీ తాగకుండా వచ్చిన పని చెప్పడం కఫీల్‌కు మర్యాద కాదు. ఆయన గబగబా రెండు గిన్నెలు తాగి, మూడోది పోయబోతే గిన్నె ఆడించి కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు మళ్ళీ తలుపు చప్పుడైంది.

నేను పరుగెత్తబోయాను. నా కుంటికాలు నన్ను ఎప్పుడు పరుగెత్తనిచ్చింది? ముసలాయనే ముందు చేరాడు. తలుపు తీశాడు. ఆమె సంచితో లోపల అడుగుపెట్టి, తలెత్తి, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసింది. మొహంలోని రంగంతా ఒక్కసారిగా దిగిపోయింది. వంటింటి గుమ్మంలో మా వంటాయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. కఫీల్ సగం లేచాడు.

ముసలాయన ఆయన వైపు తిరిగి, "కూర్చోండి. అతిథి వచ్చింది," అన్నాడు. తర్వాత ఆమెతో, "అహ్లన్. కూర్చో," అన్నాడు. ఎదురుగా ఇంకో దిండు వేశాడు.

ఒక కప్పు కింద ఇద్దరు అతిథులు. ఒకరి మీద ఒకరు చేయి వేయకూడదు, గొంతు పెంచకూడదు. ఒక అతిథి ఇంకా కాఫీ తాగుతుండగా రెండో అతిథి తగువు ఎత్తకూడదు. ఆ కఫీల్ కూడా ఆ మర్యాదలోనే పుట్టి పెరిగినవాడు. కూర్చున్నాడు. ఆమె తాగడం అయ్యాక మాట్లాడదామని ఆయన ఉద్దేశం. పాపం, ఆమె తాగడం గురించి ఆయనకు తెలియదు.

ఆమె తాగింది, అంచు తుడిచింది, రెండు చేతులా ఇచ్చింది. ముసలాయన పోశాడు. ఆమె తాగింది, తుడిచింది, ఇచ్చింది. ఎనిమిదో గిన్నె దగ్గర కఫీల్ గడియారం చూసుకున్నాడు. పన్నెండో గిన్నె దగ్గర ఆయన ఆమెకు కళ్ళతో సైగ చేశాడు, గిన్నె ఆడించమని. ఆమె ఆ సైగకు ఇంకా భయపడి ఒక్క గుక్కలో తాగేసింది. కూజా ఖాళీ అయితే వంటాయన ఇంకోటి తెచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను గోడవైపు తిరిగాను. ఆమె దొరికిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రంజాను వెళ్ళాక అంటారు. అయినా ఆ గిన్నెల లెక్క నా ప్రమేయం లేకుండా నా తలలో నడుస్తూనే ఉంది. పంతొమ్మిది.

కూర్చుని కూర్చుని ఆ కఫీల్ చూపు గోడమీది అద్దం మీద పడింది. లేచి వెళ్ళి కాగితం చదివాడు. ఎవరిదని అడిగాడు. అడగకూడనిది అడిగాడు. ముసలాయనకు చరిత్ర చెప్పే అవకాశం దొరికింది. తాత, బానిసలు, తెల్లదొర కచేరీ, అంతా వరసగా చెప్పాడు. చివర, "పారిపోయి వచ్చినవాళ్ళను ఈ ఇంట్లోంచి ఎవరూ పట్టుకుపోలేదు," అన్నాడు ఆయన మొహంలోకి చూస్తూ.

కఫీల్ మొహం ఎర్రబడింది. ఆయన రాక్షసుడేమీ కాదు. నాకు అరబ్బీ అంతంత మాత్రమే కాని, ఇంట్లో పిల్లలు ఆమె కోసం ఏడుస్తున్నారనీ, భార్య తనను కొంపలో కూర్చోనివ్వడం లేదనీ అన్నట్టు అర్థమైంది. తర్వాత ఉర్దూలోకి మారి, మాకు కూడా వినబడాలని కాబోలు, "పెద్దాయనా, మీ తాతగారి సంగతి సరే. మీ పనివాళ్ళ పాస్‌పోర్టులు ఎక్కడున్నాయి?" అన్నాడు.

ముసలాయన ధీమాగా నా వైపు తిరిగాడు. "చెప్పు. నీ పాస్‌పోర్టు ఎక్కడుంది?"

"మీ బీరువాలో, బాబా."

"ఎప్పటినుంచి?"

"ఆరేళ్ళ నుంచి."

"నువ్వెప్పుడూ అడగలేదే?"

"మీరెప్పుడూ ఇస్తాననలేదు."

ఆయన చేతిలోని కూజా కిందికి దిగింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆయన అబద్ధమాడేవాడైతే ఆ నిమిషం సులువుగా దాటిపోయేది. తిరిగి అద్దం కేసి చూశాడు, దాని కింది బీరువా కేసి చూశాడు. ఆ రెండూ ఒకే గోడకు ఉన్నాయని అప్పుడే చూసినట్టున్నాడు.

"తాళంచెవి ఏది?" అన్నాడు, జేబులు తడుముకుంటూ. దిండ్ల కింద చూశాడు. నమాజు చాప ఎత్తి చూశాడు. కఫీల్ కూడా లేచి వెతకసాగాడు.

"నా దగ్గరుంది, బాబా," అన్నాను.

ఉండదా మరి? ఇంటి తాళాలన్నీ చూసుకునేది నేనే. నా పాస్‌పోర్టును దాచిన బీరువా తాళంచెవి ఆరేళ్ళుగా నా మొలతాడుకున్న గుత్తిలోనే ఉంది. వారానికోసారి ఆ బీరువా తెరిచి, దుమ్ము తుడిచి, పాస్‌పోర్టులు వరసగా సర్ది, మళ్ళీ తాళం వేసేవాణ్ణి. కఫీల్ నన్ను చూసిన చూపు లాండ్రీ భాయ్ చూపుకంటే అన్యాయంగా ఉంది.

నేనే తాళం తీశాను. ముసలాయన రెండు పాస్‌పోర్టులూ అందుకుని, నాదొకటి నా చేతిలో, వంటాయనది ఆయన చేతిలో పెట్టాడు. పెట్టి, ఒక్క మాట అన్నాడు. "ఆలస్యమైంది. క్షమించండి." తర్వాత ఖాళీ బీరువా తలుపులు బార్లా తెరిచి, అతిథి వైపు తిరిగి నిలబడ్డాడు.

కఫీల్ చాలాసేపు ఆ ఖాళీ అరలు చూశాడు. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి ఆమెను పిలిచాడు. నాలుగేళ్ళుగా పిలిచిన ఆ పాత పనిమనిషి పేరుతోనే పిలిచి, నాలుక కరుచుకున్నాడు. అసలు పేరేమిటో గుర్తు రాలేదు. అలాగే వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం డ్రైవరు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ఇచ్చాడు. అందులో ఆమె పాస్‌పోర్టు, విమానం టికెట్టు, ఆమె వదిలేసి వచ్చిన రెండు చీరలు. చీరలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. ఎవరు ఉతికారో మరి. ఆమె కవరు ఒళ్ళో పెట్టుకుని, పాస్‌పోర్టులో తన ఫోటో కేసి చూసుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. మా వంటాయన ఓదార్చబోయి తనూ ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, అసూయ వచ్చింది. అప్పుడది అసూయ అని కూడా ఒప్పుకోలేదు.

వెళ్ళే రోజు ముసలాయన గుమ్మం దాకా వచ్చాడు. వెళ్ళిపోయే మనిషిని అడగవచ్చు కదా, అప్పుడడిగాడు. నీ పేరేమిటి, ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు అని. నెలరోజులు అన్నం పెట్టిన మనిషిని ఆఖరి నిమిషంలో పరిచయం చేసుకున్నాడు. ఆమె అన్నీ చెప్పింది, నేను ఉర్దూలో చెప్పాను. ఆయన తల పంకించి, "ఈమధ్య మా ఇంటికి చాలామంది ఆడవాళ్ళు వచ్చారు. అందరిలోకీ కాఫీ మీద నీకే ఎక్కువ ఇష్టం," అన్నాడు. ఈ సంగతి ఆమెకు తెలుగులో చెబితే, "అయ్యబాబోయ్, నాకు కాఫీయే పడదండి," అంది. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు.

కారెక్కుతూ నా వైపు తిరిగింది. "అన్నయ్యా, మీరూ వచ్చేయండి. ఇప్పుడు మీదీ మీ చేతిలోనే ఉంది కదండీ."

నాకు ఎందుకో చెప్పలేనంత కోపం వచ్చింది. "నువ్వు పో చెల్లె, ఇమానానికి యాల్లయితంది," అని తలుపు వేశాను.

లోపలికి వచ్చి తిన్నగా ముసలాయన దగ్గరికి పోయాను. గదిలో పెట్టుకుంటే ఎవరైనా ఎత్తుకుపోతారు, పాస్‌పోర్టు బీరువాలోనే పెట్టమని అడిగాను. వీల్లేదన్నాడు. అతిథి ముందు ఇచ్చింది తిరిగి పుచ్చుకోనన్నాడు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కదా, మీకు తెలియకుండా నేనే పెట్టుకుంటానన్నాను. "అప్పుడు నాకు తెలిసినట్టే కదా," అన్నాడు. పాస్‌పోర్టు పుచ్చుకొమ్మని నేనాయన్ని బతిమాలడం, వద్దని ఆయన నన్ను బతిమాలడం, వారం రోజులు ఇదే గొడవ. బియ్యం డబ్బాలో పెట్టాను, పురుగు పడుతుందని తీశాను. దిండు కింద పెట్టాను, నిద్ర పట్టక తీశాను. చివరికి బనియన్‌లో పెట్టుకుని తిరిగాను. చెమటకు తడిసి నా ఛాతీకి అతుక్కుపోయేది.

ఆ రోజుల్లో మేం ఇంటికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్ళం. టేప్‌రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, ఊరికి పోయేవాళ్ళ చేతికిస్తే, ఇంటిదగ్గర నా భార్య విని, రెండోవైపు తన మాటలు నింపి పంపేది. ప్రతి క్యాసెట్‌లోనూ ఆమె ఆఖరి మాట, ఎప్పుడస్తవ్? ఆరేళ్ళుగా నా జవాబూ ఒకటే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కఫీల్ మీద పెట్టేవాణ్ణి. అసలు సంగతి, నాకు పోవాలంటే భయం. నేను లేకుండా ఇల్లు గడవడం నేర్చుకుంది. పోయి, ఆ గడిచిన ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు. ఇక్కడ నేను మేనేజర్ని. అక్కడ ఎవణ్ణో నాకే గుర్తు లేదు.

శుక్రవారం మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని బటన్ నొక్కాను. పిల్లల చదువులు అడిగాను. నా కాలు నయమేనన్నాను. తర్వాత అలవాటుగా నోరు దానంతటదే తిరిగింది.

"కఫీల్ పాస్‌పోర్టు ఇస్తలేడు. ఇచ్చిననాడు అస్త."

ఆ మూల దిండు మీద కునుకుతున్న ముసలాయన కళ్ళు తెరిచాడు. ఆయనకు తెలుగు రాదు. కాని కఫీల్ అన్న మాటా, పాస్‌పోర్టు అన్న మాటా అందరికీ వచ్చినవే. మొహం విప్పారింది.

"ఇంట్లోవాళ్ళకు చెబుతున్నావా? నేను ఇచ్చేశానని?"

"అవును, బాబా," అన్నాను.

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. టేప్‌రికార్డరు ఇంకా తిరుగుతూనే ఉంది. దానిమీదికి వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, బొంబాయి ఉర్దూలో, "అమ్మా, నీ భర్త పాస్‌పోర్టు నేనతనికి ఇచ్చేశాను. ఆరేళ్ళ ముందే ఇవ్వాల్సింది. తప్పు నాదే. నన్ను క్షమించు," అన్నాడు. మా వైపు పల్లెల్లో ఉర్దూ తెలియని ఇల్లు లేదు. ఆయన నా భుజం తట్టి, నమాజుకు వెళ్ళిపోయాడు.

ఆయన మాటలు చెరిపేద్దామని రెండుసార్లు వెనక్కి తిప్పాను. నేను చెప్పిన మాట, దాని వెంటనే ఆయన చెప్పిన మాట, రెండుసార్లూ విన్నాను. చెరపాలంటే ఏది చెరపాలో తేలలేదు. క్యాసెట్ తీసి, కాగితంలో చుట్టి, ఆ సాయంత్రమే జగిత్యాల పోతున్న మనిషి చేతికిచ్చాను.

నలభై రోజులకు జవాబు వచ్చింది. గదిలో ఎవరూ లేనప్పుడు పెట్టుకుని విన్నాను. కాసేపు గరగరా చప్పుడు, ఒకసారి గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఇద్దరు చెప్పింది విన్న," అంది నా భార్య. "ఆ పెద్దమనిషికి నా దండం చెప్పు."

ఈసారి ఎప్పుడస్తవ్ అని అడగలేదు. మిగతా క్యాసెట్ ఖాళీ. నేను రెండు వైపులా ఆఖరిదాకా విన్నాను.